ఐదు నిమిషాల మందు

నేను మత్తు డాక్టరుని. జంషెడ్‌పూర్‌లో ఒకే ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. నాకు ఏ పదవి ఎప్పుడు వచ్చిందో తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నా దగ్గర పనికొచ్చేది ఒకటే: నేను ఎక్కడ తప్పు చేశాను, ఆ తప్పులోంచి రోగినీ నన్నూ ఎవరు గట్టెక్కించారు అన్నది. అందులో ఎక్కువ భాగం ఒకే ఒక్క మందు చుట్టూ జరిగింది. దాని పేరు సక్సినైల్ కోలిన్.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా నాన్న భీమిలి వైపు నుంచి ఇక్కడి కర్మాగారానికి ఫిట్టరుగా వచ్చారు. నేను ఈ ఊళ్లోనే, భాలుబాసా పేటలో పుట్టి పెరిగాను. ఇంట్లోనూ చర్చిలోనూ తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. ఆసుపత్రిలో చేరాక మాత్రం తెలుగును ఇంటి గుమ్మం దాటనివ్వలేదు. మా యాస ఎవరి చెవినైనా పడితే నామోషీగా ఉండేది. రోగి తెలుగువాళ్లని పేరును బట్టి తెలిసినా హిందీలోనే మాట్లాడేదాన్ని. డాక్టరంటే అలా ఉండాలనుకున్నాను. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే మీకే అర్థమవుతుంది.

అరటిపండు వాసన

ఇంటర్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే నాకు ఒళ్లుమంట. గుర్తున్నది ఒకే ఒక్క రోజు. ల్యాబులో ఒక ఆల్కహాలునూ ఒక ఆమ్లాన్నీ కలిపి, రెండు చుక్కల గంధకామ్లం వేసి వేడి చేశాం. గదంతా మగ్గిన అరటిపండు వాసన. "ఇదే ఎస్టర్. ఆమ్లం, ఆల్కహాలు కలిశాయి, మధ్యలోంచి ఒక నీటి అణువు బయటికి పోయింది. మళ్లీ నీళ్లు చేరితే ఇవి విడిపోతాయి" అన్నారు మా మేడం. పరీక్ష కోసం బట్టీపట్టి, పరీక్ష అయ్యాక మర్చిపోయాను.

మత్తు వైద్యంలోకి వచ్చాక అదే మళ్లీ ఎదురైంది. మన నరం కండరానికి 'కదులు' అని చెప్పడానికి అసిటైల్ కోలిన్ అనే చిన్న అణువును వాడుతుంది. అదొక ఎస్టర్. అలాంటి అణువులు రెండింటిని వీపూ వీపూ ఆనించి అతికిస్తే సక్సినైల్ కోలిన్ తయారవుతుంది. మధ్యలో నాలుగు కార్బన్ల సక్సినిక్ ఆమ్లం, దాని రెండు చివరలా ఒక్కొక్క కోలిన్, రెండు చోట్లా ఎస్టర్ బంధం. కండరం దీన్ని చూసి నరం పంపిన కబురే అనుకుంటుంది. ఒళ్లంతా ఒక్కసారి సన్నగా అదిరి, ఆపైన పూర్తిగా వదులైపోతుంది. ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. ఆ కాస్త వ్యవధిలో మేము గొంతులోకి గొట్టం దించి, రోగి ఊపిరిని మా చేతుల్లోకి తీసుకుంటాం.

ఐదు నిమిషాలు, మహా అయితే పది. అంతలో రక్తంలో ఉండే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ బంధాలను నీటితో విప్పేస్తుంది. మొదటి బంధం ఊడగానే మందు సత్తువ దాదాపు పోయినట్టే. మనిషి మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకుంటాడు. గట్టిగా నిలవని ఆ అతుకే ఈ మందులో గొప్పతనం. త్వరగా ఊడిపోతుంది కాబట్టే దాన్ని ధైర్యంగా వాడతాం. దీన్ని ఆలోచించి తయారుచేసిన రసాయన శాస్త్రజ్ఞులకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

కిటికీ మీద ట్రే

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మే నెల. టెల్కో కాలనీ నుంచి ఒక వెల్డరును తెచ్చారు, కాలు నుజ్జయింది. మత్తిచ్చి, సక్సినైల్ కోలిన్ ఎక్కించి, నిమిషం ఆగాను. ఒళ్లు అదరలేదు. దవడ బిగుసుకునే ఉంది. మరో ఆంపూల్, అదే మందు ఉండే గాజుబుడ్డి, విరిచి ఇచ్చాను. అదీ సగం సగంగానే పనిచేసింది. గొట్టం ఆలోచన మానేసి, ముఖానికి మాస్కు నొక్కిపట్టి గాలి అందిస్తూ మా పెద్దాయనకు కబురు పంపాను.

పెద్దాయన అంటే డాక్టర్ లాహిరి, మా విభాగానికి అధిపతి. పొట్టి మనిషి, మెత్తని గొంతు. వచ్చి, నన్ను పక్కకు జరిపి, వేరే మందుతో పని కానిచ్చారు. వెల్డరుకు ఏమీ కాలేదు. తర్వాత ఖాళీ ఆంపూల్ చేతిలోకి తీసుకుని, "ఇది ఎక్కడుంది?" అని అడిగారు.

థియేటరు నర్సు ఫిలోమినా టొప్పో ముందుకొచ్చింది. "సర్, ఫ్రిజ్ ఖరాబ్ థా. ట్రే నేనే కిటికీ మీద పెట్టాను. బాగయ్యాక లోపల పెట్టడం మర్చిపోయాను. మూడు వారాలైంది" అంది.

లాహిరి గారు ఆమెను తిట్టలేదు. "నువ్వు చెప్పకపోతే ఈ ట్రేలోవి ఇంకో ఆరుగురికి ఎక్కేవి. థాంక్యూ, సిస్టర్" అని అందరి ముందూ అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఎస్టర్‌ని నీళ్లలో కలిపి, జంషెడ్‌పూర్ ఎండలో పెట్టారు. ఏమవుతుంది? కెమిస్ట్రీ ఎలా పాసయ్యావమ్మా నువ్వు?"

నాకు సిగ్గేసింది. అయితే ఆ రోజు నేను అసలు నేర్చుకున్నది కెమిస్ట్రీ కాదు. తప్పు ఒప్పుకున్న మనిషికి థాంక్స్ చెప్పే అధికారి ఉన్నచోట రోగులు బతుకుతారు. నాకు అలాంటి అధికారి దొరకడం నా అదృష్టం.

వరలక్ష్మి

అది జరిగి కొన్నేళ్లయ్యాక, ఒకరోజు పొద్దున్నే వరలక్ష్మి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. అపెండిక్స్ పగిలేలా ఉంది. పర్సుడీహ్ బజారులో వాళ్లకు కిరాణా దుకాణం. భర్త రమేష్ పక్కనే ఉన్నాడు, అతని తల్లి సత్యవతమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది.

ఫారం పట్టుకుని హిందీలో ప్రశ్నలు అడిగాను. చివరి ప్రశ్న, ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా అని. "నహీ" అన్నాడు రమేష్.

"ఏటంతందిరా డాక్టరమ్మ?" అని సత్యవతమ్మ కొడుకును అడిగింది.

"ఏటీ లేదమ్మా, కాగితాల పని" అన్నాడు అతను.

ప్రతి మాటా నాకు అర్థమైంది. అయినా ఆమె వైపు తిరగలేదు. ఫారం మడిచి లోపలికి వెళ్లిపోయాను.

కడుపు ఖాళీగా లేదు కాబట్టి, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం త్వరగా వేయాలి. సక్సినైల్ కోలిన్ ఇచ్చాను, గొట్టం తేలిగ్గా దిగింది. మత్తు గ్యాసు మీద పెట్టి, గొట్టానికి తగిలించిన గాలి సంచి నొక్కుతూ ఊపిరి ఇస్తున్నాను. పది నిమిషాలు దాటినా ఆమె సొంత ఊపిరి రాలేదు. గ్యాసు కాస్త ఎక్కువైంది, అందుకే అనుకున్నాను. ఇరవై నిమిషాలైంది. నేనే గట్టిగా గాలి కొడుతున్నాను, అందుకే ఆమెకు ఊపిరి తీయాలని అనిపించడం లేదు అనుకున్నాను. ఏదో ఒక కారణం దొరికితే చాలు, మనసు వెతకడం మానేస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ముప్పావు గంటలో ఆపరేషన్ ముగిసింది. నేను గ్యాసు కట్టేశాను. అది నా రెండో తప్పు. కండరాల్లో శక్తి తిరిగొచ్చిందో లేదో చూడకుండా మత్తు తీసేశాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు గడిచాయి. వేలు కూడా కదలలేదు. నాడి మాత్రం పరుగెడుతోంది. "యే ఉఠ్ క్యోఁ నహీఁ రహీ?" అంటున్నాడు సర్జన్. ఈమె ఎందుకు లేవడం లేదు అని. నన్ను అడక్కుండానే ఫిలోమినా వెళ్లి లాహిరి గారిని పిలుచుకొచ్చింది.

ఆయన మిషను వైపు చూడలేదు. వరలక్ష్మి ముఖం మీదికి వంగారు. కంటి కొసనుంచి నీరు కారి చెవి దగ్గర తడిసి ఉంది.

"ఈ అమ్మాయి మెలకువగా ఉంది. అన్నీ వింటోంది" అన్నారు. "గ్యాసు మళ్లీ పెట్టు. అది పనిచేసేలోపు ఈమెతో మాట్లాడు. నువ్వూ తెలుగేగా? బోలో ఉస్‌సే."

ఆమె చెవి దగ్గరికి వంగాను. నోట్లోంచి పుస్తకాల తెలుగు రాలేదు. మా అమ్మ మాట్లాడే మాటే వచ్చింది. "అమ్మా వరలక్ష్మీ, ఆపరేషన్ అయిపోనాదమ్మా. మందు దిగలేదు, అందుకే నువ్వు కదల్లేకపోతన్నావు. నీ ఊపిరి నేను తీత్తన్నాను. నీకేటీ కాదు. మల్లీ నిద్దర పుచ్చేత్తాను." అదే మాట నాలుగైదుసార్లు చెప్పాను. నాడి మెల్లగా తగ్గింది. గ్యాసు వల్లనో, నా మాట వల్లనో అప్పుడు నాకు తెలియదు.

నన్నెవులు అడిగినారు?

లాహిరి గారు సంచి అందుకుని, నన్ను బయటికి పంపారు. "ఈమె రక్తంలో ఎంజైమ్ లేదేమో. ఇంటివాళ్లను మళ్లీ అడిగి రా. మగవాళ్లను కాదు, ఆడవాళ్లను అడుగు."

సత్యవతమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. "పెద్దమ్మా, వరలక్ష్మి ఇంకా లెగలేదు. మీ ఇల్లల్లో ఎవులికైనా ఆపరేషన్ అయ్యాక ఇలా అయినాదా?"

ఆమె నా ముఖం వంక వింతగా చూసింది. "నువ్వు మనోల్లమ్మాయివా!" అంది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. "ఇది నా కోడలే గాదమ్మా, మా అన్న కూతురు. మేనరికం సేసుకున్నాం. దీని అక్కకి బరంపురంలో కాన్పు ఆపరేషన్ సేసినారు. పొద్దున్న లోపలికి తీసుకెల్తే పొద్దుగూకేదాకా లెగలేదు. బలహీనత అన్నారు. మేం అదే అనుకున్నాం."

"ఈ సంగతి ముందే సెప్పాల్సింది పెద్దమ్మా."

"నన్నెవులు అడిగినారమ్మా?" అంది ఆమె. కోపంగా కాదు, ఉన్నమాటే అంది.

లోపలికి వెళ్లి లాహిరి గారికి చెప్పాను. ఆయన తల ఊపి, "అయితే చేయాల్సింది ఒకటే. కాచుకుని కూర్చోవడం" అన్నారు. ఎంజైమ్ లేకపోతే ఆ ఎస్టర్‌ను విప్పేవాళ్లు లేరు. కొంత మూత్రంలో పోవాలి, కొంత రక్తంలోని నీటితో తనంతట తానే మెల్లగా ఊడాలి. అప్పటిదాకా మనం ఊపిరి ఇస్తుండాలి, నిద్రలో ఉంచాలి.

ఉన్న ఒక్క వెంటిలేటరు మీద వేరే రోగి ఉన్నాడు. అందుకని చేత్తోనే నొక్కాం. మొదటి గంట లాహిరి గారే స్టూలు మీద కూర్చుని నొక్కారు. తర్వాత నేను, తర్వాత ఫిలోమినా, మళ్లీ నేను. అరగంటపాటు సర్జన్ కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయన మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి కానీ, ఆ అరగంట మర్చిపోతే అన్యాయం. మధ్యాహ్నం మూడు దాటాక నా చేతిలోని సంచి దానంతట అదే చిన్నగా ముడుచుకుంది. ముందు నమ్మలేదు. మళ్లీ ముడుచుకుంది. వరలక్ష్మి ఊపిరి తీస్తోంది. నేను ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఆమె తల ఎత్తి నిలిపి ఉంచగలిగాకే గొట్టం తీశాను. "దాహం" అంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

బలహీనత కాదు

"వాళ్లకు ఇదంతా ఏం అర్థమవుతుంది? బలహీనత వల్ల ఆలస్యమైందని చెప్పేయండి" అన్నాడు సర్జన్.

"బరంపురంలో అదే చెప్పారు. అందుకే ఈ అమ్మాయి ఈరోజు ఇలా పడుకుంది" అన్నారు లాహిరి గారు. నా వైపు చూసి, "నువ్వే వెళ్లి చెప్పు. మొత్తం చెప్పు. నేను వెనకాల నిలబడతాను" అన్నారు.

మొత్తం చెప్పాను. మందు సంగతి, ఎంజైమ్ సంగతి, గ్యాసు తొందరపడి కట్టేసిన సంగతి, కాసేపు ఆమె మెలకువగా ఉండి కదల్లేకపోయిన సంగతి. రమేష్ ముఖం ఎర్రబడింది. "మీరు తెలుగువాళ్లయితే పొద్దున్న మా అమ్మను ఎందుకు అడగలేదు?" అని హిందీలోనే అరిచాడు.

సత్యవతమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "అరవకురా. తప్పు సేసినానని ఎదురుగుండా నిలబడి సెప్తంది. బరంపురపోల్లు ఆ మాటే సెప్పుంటే మనకీ రోజు రాకపోను" అంది.

మర్నాడు వార్డుకు వెళ్లాను. వరలక్ష్మి కూర్చుని గంజి తాగుతోంది. నన్ను క్షమించమని అడిగాను. ఆమె గంజి గిన్నె పక్కన పెట్టి మెల్లగా చెప్పింది.

"అందరూ హిందీలో మాటాడతన్నారు. కళ్లు తెరుద్దామంటే రాలేదు. సచ్చిపోనానేమో అనుకున్నానండీ. అప్పుడెవులో మన మాటలో 'నీ ఊపిరి నేను తీత్తన్నాను' అన్నారు. సచ్చిపోనోల్లకి ఎవులైనా అలా సెప్తారా? బతికే ఉన్నాననుకున్నాను. అది మీరేనని తెల్దు."

నాకు దక్కిన మెప్పులన్నీ కలిపినా ఆ మాటతో సరితూగవు. ఆ రోజు నుంచి ఆ ఆసుపత్రిలో నేను తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను. సంతాలీ, ఒడియా, భోజ్‌పురి కూడా నాలుగేసి ప్రశ్నలకు సరిపడా నేర్చుకున్నాను.

చీటీ

వరలక్ష్మి రక్తం దూరాన ఉన్న పెద్ద ల్యాబుకు పంపాం. ఎంజైమ్ దాదాపు లేదని వచ్చింది. ఇంట్లో మిగతావాళ్లకూ పరీక్ష చేయించాం. బరంపురంలో ఉన్న అక్కకూ, పెళ్లికాని చెల్లెలికీ లేదు. సత్యవతమ్మకూ లేదు, ఆమెకు అప్పటిదాకా ఏ ఆపరేషనూ జరగలేదు కాబట్టి బయటపడలేదంతే. వీళ్లలాంటి తెలుగు వైశ్య కుటుంబాలు కొన్నింట్లో ఈ లోపం మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుందని ఆ తర్వాత చదివాను. అలాగని వాళ్లందరికీ ఉంటుందని కాదు, మిగతావాళ్లకు ఉండదనీ కాదు. కులం చూసి ఊహించకండి. నోరు తెరిచి అడగండి.

లోపమున్న ఒక్కొక్కరికీ, ఈ మందు ఇవ్వకూడదని తెలుగులోనూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ చీటీ రాశాను. సత్యవతమ్మ అది తీసుకోలేదు. ఒక మధ్యాహ్నం నన్ను పక్కకు పిలిచింది.

"కాగితం రాయకమ్మా. ఇంట్లో పెల్లికెదిగిన ఆడపిల్లలున్నారు. రోగమున్న ఇల్లని తెలిత్తే ఎవులు సేసుకుంతారు?"

"ఇది రోగం కాదు పెద్దమ్మా. ఆ మందులో రెండు ముడులున్నాయి. అందరి రక్తంలోనూ ఆ ముడి విప్పే సరుకుంటాది. మీ రక్తంలో అది లేదు. ఆ ఒక్క మందూ, దానికి సుట్టం లాంటిది ఇంకోటీ ఒంట్లోకి రాకపోతే నూరేళ్లూ ఏటీ కాదు. మీకిన్నేళ్లొచ్చాయి, ఏవైనా అయినాదా?"

"నాకేటి, గుండ్రాయిలా ఉన్నాను" అంది.

"మరి దాచేత్తే రేపు ఇంకో ఊల్లో ఇంకో డాక్టరు ఇదే మందు పొడుత్తాడు. అక్కడ లాహిరి గారు ఉండరు."

ఆ రోజు తీసుకోలేదు. వారం తర్వాత రమేష్ వచ్చి చీటీలన్నీ పట్టుకెళ్లాడు. "అమ్మ పంపింది" అన్నాడు. కొన్నేళ్లకు వరలక్ష్మి చెల్లెలి పెళ్లి మాటల్లో సత్యవతమ్మే ఆ చీటీ తీసి వియ్యాలవారి ముందు పెట్టిందని వరలక్ష్మి చెప్పింది. ఆ సంబంధం కుదిరింది. ఆ చెల్లెలికి తర్వాత విశాఖలో ఆపరేషన్ అయినప్పుడు అక్కడి మత్తు డాక్టరు చీటీ చూసి నాకు ఫోన్ చేశాడు. పేరు అడగడం మర్చిపోయాను. అతనికీ నా కృతజ్ఞతలు.

ఇంకొక్క మాట. ఎస్టర్ అన్న పేరు కనబడగానే బెదిరిపోకండి. మన మందుల్లో ఎస్టర్లు చాలా ఉన్నాయి, వాటిని విప్పే ఎంజైమ్‌లు కూడా ఒకటి కాదు. ఏది దేన్ని విప్పుతుందో చదువుకోండి. నాలాగా పరీక్ష అవ్వగానే మర్చిపోకండి.

లాహిరి గారు రిటైరై కలకత్తా వెళ్లిపోయారు, అక్కడే పోయారు. ఫిలోమినా గుమ్లా దగ్గర వాళ్ల ఊళ్లో ఉంది. క్రిస్మస్‌కి ఫోన్ చేసుకుంటాం. ఆ రోజు నన్ను అడక్కుండా పెద్దాయన్ని పిలిచినందుకు ఏటా థాంక్స్ చెబుతాను. ఏటా నవ్వుతుంది.

చివరి వారం

నా ఉద్యోగం చివరి వారంలో సత్యవతమ్మను తెచ్చారు. ఎనభై దాటాయి. మెట్టు దిగుతూ పడింది, తుంటి ఎముక విరిగింది. మత్తిచ్చే వంతు రాంచీ నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుది. నేను కబురు తెలిసి వార్డు గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి అతను ఫారం పట్టుకుని ఆమె మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఇంకా మొదటి ప్రశ్న కూడా అడగలేదు.

"బేటా, ఆ కాగజ్ తర్వాత రాద్దువుగానీ. పహ్లే యే పఢో" అని సత్యవతమ్మ చీటీ అతని చేతిలో పెట్టింది. అతను చదివాడు. రెండోసారి చదివాడు. నడుముకు మత్తిస్తాననీ, ఆ మందు అవసరమే పడదనీ చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. లోపల ట్రేలో ఏయే మందులు పెట్టారో చెప్పమంది. అతను ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుతుంటే, చదువు రాని ఆ ముసలామె కళ్లు మూసుకుని వింటోంది.

నేను లోపలికి అడుగు వేశాను. ఆమె కళ్లు తెరిచి చూసింది.

"నువ్వెందుకొచ్చినావమ్మా? ఎల్లు, ఎల్లి టీ తాగు. ఈ బాబుకి నేను సెప్పుకుంతాను."

వెళ్లి టీ తాగాను.